నిమ్మరసంలో నల్లబండ

పొద్దున మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టె వచ్చింది. విప్పితే పెద్ద మూతి ఉన్న గాజు సీసా, అందులో అరచేతిలో పట్టేంత గుండ్రటి గాజు బిళ్ల. కూరగాయ ముక్కలు ఉప్పునీళ్లలో పైకి తేలకుండా దాన్ని బరువుగా పెట్టాలట. "దీనికీ ఒక వస్తువు కనిపెట్టినారు చూడమ్మా" అని అమ్మాయి మురిసిపోయింది. నాకు మాత్రం మా మామ గుర్తొచ్చి నవ్వాగలేదు.

మామ అంటే మా అమ్మకు అన్న, నాకు మేనమామ, ఆపైన మా ఆయనకు నాన్న. అందుకే ఆయన్ని నువ్వు అనేంత చనువు నాకు. కడపలో నల్లబండలకు పాలిష్ పట్టే షెడ్డు ఆయనది. పెద్ద వయసులో పిత్తాశయంలో రాళ్లు చేరి ఆపరేషన్ అయింది. "బతుకంతా రాళ్లు అమ్మి, చాలక కడుపులోనూ దాచుకున్యాడు" అని అత్త ఆస్పత్రిలోనే ఎగతాళి చేసింది. ఇంటికొచ్చాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. డాక్టరు నూనె మానమన్నాడు. సంగటి ముద్దకు నూనె కారే మామిడి ఊరగాయ ఉంటే తప్ప పూట గడవని మనిషి, కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కెలికి లేచేవాడు. నెల తిరక్కుండానే చొక్కా భుజాల మీంచి జారసాగింది. పొద్దంతా మంచమే. నాకు నిజంగా భయమేసింది.

నూనె లేకుండా నోటికి పుల్లగా ఏదైనా తగిలితే తింటాడేమోనని, క్యారెట్, కీరదోస, ముల్లంగి సన్నగా తరిగి, ఇంత అల్లం వేసి, గాజు సీసాలో ఉప్పునీళ్లు, నిమ్మరసం పోసి ఊరబెట్టాను. మూడు రోజుల పని. మొదటి సీసాలో ముక్కలన్నీ పైకి తేలి తెల్లగా బూజు పట్టాయి. పైన ఏదైనా బరువుండాలి అని నేను గొణుక్కుంటుంటే మామ మంచం మీంచి విన్నాడు. లేచొచ్చి, సీసా మూతిని దారంతో కొలుచుకున్నాడు. మర్నాడు ఆటో ఎక్కి షెడ్డుకు పోయి, మధ్యాహ్నానికి నల్లటి బండ బిళ్ల ఒకటి తెచ్చాడు. మొహం చూసుకోవచ్చు, అంత నునుపు. "ఎన్ని ఇండ్లకు బండలేసినానో, సీసాకు బండేసేది మాత్రం ఇదే" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు వంటింటి గట్లన్నీ ఆ బండవే. దాని మీద నిమ్మచుక్క పడితే తెల్లటి మచ్చ పడుతుందని, అది ఇక చస్తే పోదని ఏ ఇల్లాలైనా చెప్తుంది. పులుపు ఆ రాయిని తింటుంది, రాయి పులుపును తింటుంది. అత్త నా వైపు చూసింది, నేను అత్త వైపు చూశాను. నెల తర్వాత గడప దాటిన మనిషికి ఆ మాట ఎలా చెప్పేది? బిళ్లను శుభ్రంగా కడిగి కొత్త ముక్కల మీద పెట్టేశాను.

కాసేపటికి దాని చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. "చూడు పాపా, అప్పుడే ఊరుతాండాది" అన్నాడు మామ. పూటపూటకూ వంటింట్లోకొచ్చి సీసా ముందు కూర్చునేవాడు. ఎట్లాగూ వచ్చాడు కదా అని కంచం పెట్టేదాన్ని. సీసా మీద ఒక కన్నేసి, షెడ్డు కబుర్లు చెప్తూ, ఏం తింటున్నాడో చూసుకోకుండానే తినేసేవాడు.

మూడో రోజు ఒక ముక్క నమిలాడు. ఇంకొకటి నమిలాడు. "పులుపు యాడ పోయె పాపా?" అన్నాడు. బిళ్ల తీస్తే బూడిద పూసినట్టు తెల్లబడి ఉంది. మళ్లీ మంచమెక్కుతాడేమో అనుకున్నాను. అయినా దాచలేక చెప్పేశాను.

"నీకు ముందే తెల్సునా?"

"తెల్సు మామా. నువ్వు లేచి తిరుగుతాండావని చెప్ప బుద్ధి కాలేదు."

ఆయన బిళ్లను బొటనవేలితో చాలాసేపు రుద్దాడు. "నలభై ఏండ్లు దీన్ని మెరిపిస్తి. దీని గుణం వంటింట్లో మీకు తెల్సినంత నాకు తెల్లేదు" అన్నాడు. తర్వాత కంచం నా వైపు జరిపాడు. "సరే, ఇంకో ముద్ద పెట్టు. రేపు పోయి గ్రానైట్ ముక్క తెస్తా."

తెచ్చాడు కూడా. గ్రానైట్‌ను పులుపు ఏమీ చెయ్యదు. ఆ ముక్కలు నోరూరేంత పుల్లగా ఊరాయి. తెలిసిన మాట వెంటనే చెప్పెయ్యాలంటారు పెద్దలు. నేను మూడు రోజులు ఆలస్యం చేశాను. మా మామకు ఆకలి తిరిగి రావడానికి సరిగ్గా అన్ని రోజులే పట్టింది.