మామిడి పడని మేనల్లుడు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళున్న వేసవిలో, నూజివీడు దగ్గర మామిడితోటలో ఒక తాటాకు పాక. అందులో మనుషులు నలుగురం: మా అత్తయ్య, మామయ్య, మా నాన్న, నేను. సామాను: ఒక నులకమంచం, రెండు చాపలు, నీళ్ళ కుండ, ట్రాన్సిస్టర్ రేడియో, మూలన కాయలు కోసే చిక్కం. పాక చుట్టూ చెట్లు. లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర వదిలేశాను. అన్నిటికీ కాయలే.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, దిగాక ఎండలో గంటసేపు నడిచి వచ్చాం. కాళ్ళు లాగేస్తున్నాయి. దారంతా నేను ఆలోచించింది ఒక్క పండు గురించే.

ఆ ఏడు తోట యజమాని కాపంతా చెట్ల మీదే ఒక షావుకారుకి అమ్మేశాడు. మామయ్య షావుకారు పెట్టుకున్న కాపలా మనిషి. రాలిన కాయను కూడా గంపలో వేసి గేటు దగ్గర గుమస్తాకి అప్పజెప్పాలి. మేం లోపలికి వస్తుంటే ఆ గుమస్తా నాన్నతో అననే అన్నాడు: "చుట్టాలొస్తే ఉండండి గానీ, కాయ జోలికి మాత్రం పోకండి. ముందున్న కాపలావాణ్ణి రెండు కాయలకే పంపేశాం." నాన్న విన్నాడు. నేనూ విన్నాను, కానీ నా చూపు చెట్ల మీద ఉంది.

మంచినీళ్ళు తాగగానే అడిగేశాను. "అత్తయ్యా, ఇన్ని కాయలున్నాయిగా, నాకు ఒక్కటీ పెట్టవా?"

అత్తయ్య మామయ్య వైపు చూసింది. మామయ్య లేచి మూలనున్న చిక్కం చేతిలోకి తీసుకున్నాడు. పుట్టింటి వాళ్ళు వచ్చినప్పుడు భార్య తల దించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ఉద్యోగం పోతే పోతుందని గుమ్మం దాకా నడిచాడు.

"బావగారూ, ఆగండి," అన్నాడు నాన్న. "వీడి మాటలకేం గానీ, వీడికి మామిడి పడదు. పోయినేడు ఒళ్ళంతా సెగ్గడ్డలే. డాక్టరు వాసన కూడా చూడొద్దన్నాడు."

నేను నోరు తెరిచాను. నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. బరువుగా పడింది.

మామయ్య చిక్కాన్ని మళ్ళీ మూలన పెట్టి, మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి నవ్వాడు. "మామిడి పడనోడివి నూజివీడు ఎందుకొచ్చావురా అల్లుడూ, గాలి పీల్చడానికా?"

మర్నాడు పొద్దున్నే అత్తయ్య వేపాకు నూరి రసం తీసింది. గడ్డలకి మంచిదట. నాన్న మొహం చూశాను. "తాగరా, అత్తయ్య కష్టపడి నూరింది," అన్నాడు, కన్నార్పకుండా. రెండు రోజులు, రోజుకి ఒక గ్లాసు. చుట్టూ పండిన కాయల వాసన, నోట్లో చేదు. అంత నీరసపు సెలవులు నాకు మళ్ళీ రాలేదు.

మూడో రోజు సాయంత్రం అత్తయ్య నాకు తలంటు పోసింది. వీపు రుద్దుతూ ఆగింది. చేతులు చూసింది, మెడ వెనక చూసింది. ఒక్క మచ్చ లేదు. ఇంకో చెంబు నీళ్ళు మెల్లగా పోసింది. నాలుగో రోజు పొద్దున వేపాకు రసం లేదు. మీగడ వేసిన మజ్జిగ ఇచ్చింది. ఎవరూ కారణం అడగలేదు.

తిరుగు బస్సులో నాన్న కిటికీకి తల ఆనించి చెప్పాడు. "ఒకరింటికెళ్ళాక వాళ్ళ దగ్గర ఏది లేదో ముందు మనమే చూసుకోవాల్రా. అది మనకే వద్దని చెప్పాలి." జంక్షన్‌లో దిగాక పళ్ళ గంపలు చూపించి, కొననా అని అడిగాడు. వద్దన్నాను. మంచితనం కాదు. అలసిపోయాను.

నిజానికి నాకు పడని తిండి ఇంతవరకు ఏదీ లేదు. అయినా, పాలు చంటిపిల్లకే సరిపోయే ఇంట్లో నాకు టీ తాగితే కడుపులో మంట. ఒకే ఫ్యాను ఉన్న ఇంట్లో ఫ్యాను గాలికి జలుబు. ఇది ఓపిక తీసే పని, ఏ ఇంట్లో ఏం చెప్పానో గుర్తుండాలి. అందుకని డైరీ చివరి పేజీలో వరుసగా రాసుకుంటాను. నిన్నటికి పదకొండు.