ఎర్ర లైటు మీద బొట్టు

నా చిన్నప్పుడు, టెనెసీ కొండల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదని, నాకు అన్నం పెడుతున్న గిటార్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా నాన్న ఆ కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో డాక్టరు. చుట్టూ అరవై మైళ్లలో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. నాన్న పాడేవారు, అమ్మ హార్మోనియం వాయించేది, నేను మోకాలి మీద రెండు చెంచాలు కొట్టేవాణ్ణి. పక్కింట్లో ఒంటరిగా ఉండే అమెరికన్ ముసలాయన బాంజో అనే తంతి వాయిద్యం పట్టుకుని వచ్చేవారు. ఆయన్ని తాతయ్య అని పిలవమని అమ్మ నాకు నేర్పింది. అది మేము ఆయనకి పెట్టిన పేరనుకుని, తన మెయిల్‌బాక్స్ మీద కూడా అదే రాయించుకున్నారు. రంపపు మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి చెవులు దాదాపు పోగొట్టుకున్న మనిషి. గట్టిగా అరిస్తే తప్ప మాట వినపడదు. బాంజో అంచుకి గడ్డం ఆనించి, ఆ అదురుతో పాట వినేవారు. ఆదివారం భోజనాలయ్యాక మా వరండాలో నలుగురం పాడుకుంటుంటే, ఒక ఎలుగుబంటి వచ్చి చెత్తడబ్బా పక్కన కూర్చునేది. పాట ఆగేదాకా కదిలేది కాదు.

ఆ ఏడు నాన్న గొంతులో గడ్డ ఉందని తేలింది. మంగళవారం ఆపరేషన్. గడ్డతో పాటు గొంతు కూడా పోవచ్చని, తన పేషెంట్లకి చెప్పినంత నెమ్మదిగా మాకూ చెప్పారాయన. అమ్మ ఏడవలేదు. ఆదివారం నాటికి ఎక్కణ్ణించో ఒక టేప్‌రికార్డర్ తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. ఆమెకి ఒకే ఒక్క పాట కావాలి. రోగుల్ని చూసి కొండ దారిలో ఇంటికొస్తూ నాన్న సొంతంగా కట్టుకున్న పాట. వరస తాతయ్యది, మాటలు నాన్నవి.

“నెమ్మదిగా పోనియ్యి, కొండ దారి ఇది,
వంటింటి లైటింకా వెలుగుతూనే ఉంది.”

అమ్మ మీటలు నొక్కగానే మిషన్ మీద చిన్న ఎర్ర లైటు వెలిగింది. నాన్న గొంతు సవరించుకున్నారు. అంతే, పాట రాలేదు. రెండోసారీ సవరించుకోవడమే అయింది. మూడోసారీ అంతే.

“ఏంటండీ, షుగర్ రిపోర్ట్ చదవబోతున్నట్టు ఆ మొహం? పాడండి!” అంది అమ్మ.

“ఆ రెడ్ లైట్ చూస్తుంటే ఆపరేషన్ థియేటర్‌లో పడుకున్నట్టుందే,” అన్నారు నాన్న. తాళం వెయ్యడానికి ఎత్తిన చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు.

తాతయ్య ఆ చేతుల వంక చూశారు. టక్కున మిషన్ ఆపేశారు. “టేప్ అయిపోయింది, డాక్. పీడా పోయింది. ఊరికే మనకోసం పాడుకుందాం రా,” అన్నారు తన ఇంగ్లీషులో. నాన్న కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఆ కాస్త సమయంలో తాతయ్య, అమ్మ హార్మోనియానికి అంటించి ఉంచుకున్న స్టిక్కర్ బొట్టు ఒకటి ఊడదీసి, ఎర్ర లైటు మీద అతికించి, నాకు కన్ను కొట్టి, మళ్లీ మెల్లగా మీట నొక్కారు.

నాన్న పాడారు. నేను చెంచాలు కొట్టడం మరిచిపోయాను. అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదు, మరెప్పుడూ పాడలేదు కూడా. మంగళవారం తరవాత ఆయనకి మిగిలింది గుసగుస ఒక్కటే.

పెద్దయ్యాక నేను ఆష్‌బర్న్ అనే ఊళ్లో పగలు కంప్యూటర్ సర్వర్లు చూసుకుంటూ, శని ఆదివారాలు గిటార్‌తో చర్చి హాళ్లూ సంతలూ తిరిగాను. వంద పాటలు రాస్తే నాలుగు నిలిచాయి. నలభై దాటాక నాష్‌విల్‌లో మొదటి రికార్డు చేశాను. స్టూడియోలో ఎర్ర లైటు వెలగగానే నాకూ పాట రాలేదు. జేబులోంచి బొట్టు తీసి దాని మీద అంటిస్తే అక్కడి ఇంజనీరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ రికార్డులో నాకు పేరు తెచ్చింది నాన్న పాటే. పల్లవి ఆయన గొంతులో తెలుగులో మొదలవుతుంది, తరవాత నేను ఇంగ్లీషులో అందుకుంటాను. రేడియోల వాళ్లు అదేపనిగా వేశారు. కచేరీ అయ్యాక మన పిల్లలు చుట్టూ చేరి, “అంకుల్, స్టార్టింగ్‌లో ఆ వాయిస్ ఎవర్ది? సో ఓల్డ్!” అంటారు. మా నాన్నది అంటాను.

ఇక ఒప్పుకోవాలి. ఎలుగుబంటి అబద్ధం అనుకుంటున్నారు కదూ? అది నిజం. అబద్ధం ఆ గొంతు.

ఆ మిషన్‌లో రికార్డు కావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి. రెండోసారి తాతయ్య ఒక్కటే నొక్కారు. లైటు వెలగలేదని తెలిసేదే, దాని మీద బొట్టు లేకపోతే. ఆస్పత్రిలో నాన్న మంచం పక్కన టేపు పెట్టాం. మూడుసార్లు గొంతు సవరించుకోవడం, టక్కున ఆగిన చప్పుడు, ఆ తరవాత ఉత్త గర్‌మనే శబ్దం. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాతయ్యకి ఏమీ వినపడదు. పాట వస్తోందా అని ఆశగా నాన్న మొహంలోకి చూస్తున్నారు.

కట్టు కట్టిన గొంతుతో నాన్న నవ్వారు. కళ్లు మూసుకుని, మంచం కమ్మీ మీద వేళ్లతో తాళం వెయ్యడం మొదలుపెట్టారు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి, ఎక్కడా లయ తప్పలేదు. తాతయ్య కమ్మీకి గడ్డం ఆనించి విన్నారు. ఆయన కళ్లు నిండాయి. తను పోయేదాకా ఆ టేపు తన గొప్పేనని ఊరంతా చెప్పుకుని తిరిగారు. మేము ఎవరం కాదనలేదు.

ఆ రోజు ఆస్పత్రిలో, రెండో చరణం దగ్గర నాన్న కళ్లు తెరిచి, నా వంక చూసి, రెండో చెయ్యి ఎత్తారు. పాట అందుకోమని. నేను అందుకున్నాను.

నలభై దాటాక నా గొంతు అచ్చం ఆయన గొంతయింది. రికార్డులో మీరు వినే పల్లవి నేను పాడిందే. దానికి ముందు ఒక మనిషి గొంతు సవరించుకుంటాడు చూడండి, అది మాత్రం మా నాన్న.