ప్రతి ముక్కా రెండుసార్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. మా వీధిలో తుంపర పడితే నా నోట్లో అది తుపానవుతుంది. కాబట్టి నా గదిలో ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడు ఈ అరబ్బు దేశంలో నేనుండే అల్ వర్సాన్ పేట అంతటా వినిపిస్తోందంటే మీరే కాస్త తగ్గించుకోండి. చుక్కలు మూడేసి చొప్పున, తకిట తకిట అని పడుతున్నది మాత్రం నిజం. అలా పడినప్పుడల్లా నోరా మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడది ఐర్లాండు. నేను వాచ్‌మన్‌గా ఉన్న బిల్డింగులో మూడో అంతస్తు. చిన్నపిల్లలకి ఫిడేలు మీద జిగ్గులు నేర్పేవారు. జిగ్గంటే వాళ్ల ఊళ్లలో మూడేసి దెబ్బల తాళంతో గంతులు వేయించే చిన్న పాట. 2020లో కరోనాకి తలుపులన్నీ మూతపడి, పిల్లలంతా కంప్యూటర్లోకి వెళ్లిపోయారు. ఓ రోజు నేను నీళ్ల క్యాను గుమ్మం దగ్గర పెడుతుంటే, "ఆ డబ్బాలో ఒకరి తాళం ఒకరికి కలవట్లేదు. నాకు ఎదురుగా కూర్చునే మనిషి ఒక్కరు కావాలి. నేర్చుకుంటావా?" అన్నారు. ఆవిడ హిందీ ముక్కలు ముక్కలు, నా ఇంగ్లీషు పొడి పొడి.

సరేనన్నాను. నాకూ ఒక అవసరం ఉంది. అమలాపురంలో ఉన్న మా పాపకి ఏడేళ్లు, నన్ను చూసి మూడేళ్లు. ఫోను దగ్గరికి రావడం మానేసింది. "ఫోన్లో ఆయనెవరో నాకు తెలీదంటందండి. మీరే ఏదోటి చెయ్యండి," అనేది మా ఆవిడ.

మేడమ్ ఇచ్చింది పిల్లల ఫిడేలు, చెంచా అంత ఉంది. అందుకోగానే కారిడార్లో బాసింపట్టు వేసుకుని, మా ఊరి కచేరీల్లో చూసినట్టు, దాని తలని కుడి పాదం మీద ఆనించాను. మేడమ్ గంటన్నర సేపు నవ్వారు. ఆ తర్వాత మోకాళ్లు కటకటమంటుండగా తన గుమ్మంలో నేలమీద కూర్చుని, తన ఫిడేలు కూడా పాదానికి ఆనించారు.

"యల్లా, పద, ఇలా ఎలాగో నాకూ నేర్పు."

కాగితం లేదు. ఆవిడ వాయించింది విని నేను వాయించాలి. పాటలో మొదటి ముక్క ఒక్కసారి వాయించి రెండోదానికి దూకితే అరచేత్తో నేలమీద కొట్టేవారు. "అప్పుడే ఖలాస్ ఏంటి? ప్రతి ముక్కా రెండుసార్లు. మొదటిసారి వాయించినప్పుడు పాట నీది. రెండోసారికి వినేవాళ్లది."

నలభై రోజులకి, ఓ శుక్రవారం పొద్దున్న, ఇంటికి వీడియో కాల్ చేసి, ఫోను నీళ్ల క్యానుకి ఆనించి వాయించాను. మేడమ్ తన గుమ్మంలో కూర్చున్నారు. మొదటిసారి తెరమీద ఎవరూ లేరు. రెండోసారికి పాప పరిగెత్తుకొచ్చి గంతులేసింది. "నాన్నా, మళ్లీ!" అంది. ఆ గంతులకి గోదావరిలో అలలు లేచాయట.

విమానాలు తిరగడం మొదలవగానే మేడమ్ వాళ్ల దేశం వెళ్లిపోయారు. ఫిడేలు నా దగ్గరే ఉంచేశారు.

ఇక చెప్పేస్తాను. పాదం మీద ఫిడేలు నిజం. నేలమీద మేడమ్ నిజం. పాప గంతులే నేను కల్పించాను. ఆ పొద్దున్న తెరమీద చివరిదాకా మా ఇంటి సీలింగు ఫ్యానే ఉంది. "రానంటందండి," అంది మా ఆవిడ. నేను కమాను కింద పెట్టేశాను. మేడమ్ ఓదార్చలేదు. "ఇంకా ఒక్కసారే అయింది," అన్నారు.

పాపకిప్పుడు పన్నెండు. సెలవుకి వెళితే చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తుంది. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం ఫోను క్యానుకి ఆనిస్తాను. అక్కడ ఫ్యాను తిరుగుతుంటుంది. ఇక్కడ నేను ప్రతి ముక్కా రెండుసార్లు వాయిస్తాను.