మిసిసిపీలో మిల్వాకీ బస్సు

ఎర్లీన్ గాడిస్ అమెరికా ఉత్తరాన విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఆ మరుసటి నెలే కారేసుకుని దక్షిణాన మిసిసిపీలో పుట్టిన ఊరికి వచ్చింది. ఉండిపోవడానికి కాదు, తమ్ముడు ఓథాని వెంటబెట్టుకుని పోవడానికి. షుగర్ ముదిరి ఓథాకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఆ సెంటరేమో పత్తి చేలు దాటి, ఎక్కడో రెండు ఊళ్లవతల ఉంది. ఎవరైనా దయతలచి కారెక్కించుకుంటే వెళ్తాడు, లేకపోతే మానేస్తాడు. మానేసినప్పుడల్లా కాళ్లు బూరెల్లా పొంగుతాయి.

"బట్టలు సర్దుకోరా. మా వీధి చివర బస్సెక్కితే ఆస్పత్రి గుమ్మంలో దింపుతుంది."

"ఆ మంచులోకా? ఏప్రిల్లో కూడా కోటు విప్పని ఊరు నీది. పక్కింటాయన పేరేంటో చెప్పు, ఇప్పుడే వచ్చేస్తా."

ఎర్లీన్ తడుముకుంది. "పోలండు వాళ్ల పేరురా, నోరు తిరగదు."

ఓథా పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఈ పోట్లాట ఇవాళ్టిది కాదు. ఫోన్ ఎత్తితే చాలు, ఇద్దరికీ ఇదే గొడవ. తన కూతురికి ఆయాసం వచ్చిన రోజు అంబులెన్సు ఎంత చప్పున వచ్చిందో ఆవిడ చెప్పేది. గాలివానకి తన ఇంటి కప్పు లేచిపోతే, ఊరంతా నిచ్చెనలెక్కి పొద్దు గూకేలోగా ఎలా కప్పి ఇచ్చారో ఇతను చెప్పేవాడు. ఆవిడ లైబ్రరీలూ బడులూ చెబితే, ఇతను తన పెరట్లో టమాటాల రుచి చెప్పేవాడు. ఒక్కనాడూ ఎవరూ ఓడింది లేదు.

కదలనని ఓథా మొండికేయడంతో, మనసు మార్చుకునేదాకా తనే కార్లో తీసుకెళ్తానంది ఎర్లీన్. మొదటి రోజే దారిలో ఒక పెద్దావిడ కనిపించింది. నడినెత్తిన ఎండ. గొడుగేసుకుని హైవే పక్కన నడుస్తోంది. ఓథా తల బయటపెట్టి కేకేశాడు.

"వెర్నెల్ అత్తా! ఎక్కడికి?"

"నువ్వెళ్లే చోటికే, నాయనా. మనవడు వస్తానన్నాడు, రాలేదు."

ఎర్లీన్ ఆవిణ్ణి ఎక్కించుకుంది. ఆ సంగతి ఊళ్లో పాకింది. ఆ వారం తిరక్కుండానే ఓథా వరండాలో జనం చేరారు. ఒకరు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఒకామెకి నెలలు నిండుతున్నాయి. కారు చాల్లేదు.

చర్చి వెనకాల పెద్ద వ్యాను ఒకటుంది. ఆదివారం తప్ప కదలదు. ఎర్లీన్ నేరుగా పాస్టరు బ్రాడ్‌నాక్స్ దగ్గరికి వెళ్లింది.

"అది దేవుడి పనికమ్మా," అన్నాడాయన.

"మిగతా ఆరు రోజులూ దేవుడు సెలవు పెట్టాడా, పాస్టరుగారూ?"

పాస్టరు భార్య గుమ్మంలోనే కిసుక్కున నవ్వింది. ఆయన గొణుక్కుంటూనే తాళాలు తెచ్చిచ్చాడు. ఒక్క నెల చూద్దామన్నాడు. డీజిలుకని చర్చి ఆడవాళ్లు శనివారాలు చేపలు వేయించి అమ్మడం మొదలుపెట్టారు.

ఎర్లీన్ వ్యాను ఎక్కిందంటే మళ్లీ మిల్వాకీ డ్రైవరే. చెప్పిన టైముకి బయల్దేరడమే. ఎంతటివాళ్ల కోసమూ ఆగేది కాదు.

"ఇది మిల్వాకీ కాదు తల్లీ, కాస్త ఊపిరి పీల్చుకోనీ!" అని వెనకాల అరిచేవాళ్లు.

"ఊపిరి బండెక్కి పీల్చుకోండి," అనేది.

ఒక మంగళవారం వెర్నెల్ ఇంటి ముందు హారన్ కొట్టింది. ఆవిడ బయటికి రాలేదు. ఎర్లీన్ గేరు వేసి కదిలింది. ఓథా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చేలన్నీ దాటాక మెల్లగా అన్నాడు, "మీ ఊళ్లో బస్సు తప్పిపోతే ఏం చేస్తారక్కా?"

"ఏం చేస్తారు, వెనకాలే ఇంకోటి వస్తుంది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకి తెలియలేదు, ఏమన్నదో. ఇన్నేళ్లూ ఎవరి కోసమూ ఆగకపోవడం తన పనితనమే అనుకుంది. వెనకాల ఇంకో బస్సు ఉందన్న ధీమాతో చెల్లిన పనితనం అది. ఇక్కడ ఈ బండి వెనకాల దుమ్ము తప్ప ఏమీ రాదు.

వ్యాను వెనక్కి తిప్పింది. వెర్నెల్ గడపలో కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పుంది. రెండో పాదం వాచిపోయి చెప్పులో దూరడం లేదు.

"వెళ్లిపోయావనుకున్నా," అందావిడ.

"వెళ్లిపోయానత్తా. తప్పయింది." ఎర్లీన్ మోకాళ్ల మీద కూర్చుని, చెప్పు పట్టీలు వదులు చేసి ఆ పాదానికి తొడిగింది.

మర్నాటి నుంచి అందరినీ అనుకున్నదానికంటే ముందే లేపి, ఎవరైనా రాకపోతే దిగి వెళ్లి తలుపు కొట్టడం మొదలుపెట్టింది. టైమూ తప్పలేదు, మనుషులూ తప్పలేదు. నెల గడిచినా పాస్టరు తాళాలు అడగలేదు. చలికాలం వచ్చేసరికి ఓథా కాళ్ల వాపు దిగింది, మళ్లీ పెరట్లోకి వెళ్లి కూరమడి తవ్వుకున్నాడు. నెలలు నిండినామె ఆస్పత్రిలోనే ఆడపిల్లని కన్నది. ఎర్లీన్ మిల్వాకీ వాటా ఖాళీ చేసి ఇక్కడే ఉండిపోయింది. అక్కడి సరస్సు మీది గాలి గుర్తొచ్చినప్పుడల్లా దిగులేసేది. ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు, వెర్నెల్‌కి చెప్పుకుంది.

ఈ వ్యాను పేరు పక్కూళ్లకి పాకేసరికి, రోడ్డుకి ఆవలి చర్చి వాళ్లకి పౌరుషం వచ్చింది. తమ వ్యాను కూడా ఇస్తామన్నారు. మరి నడిపేదెవరు? చేపల ఫ్యాక్టరీ మూతపడి ఖాళీగా ఉన్న డొరేథా ముందుకొచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు కంకర రోడ్డు మీద ఎర్లీన్ ఆమెకి నేర్పుతోంది.

"మలుపులో ముందు నిదానించు. వెనక సీట్లో వెర్నెల్ అత్త ఉందనుకో."

"ఆవిడుంటే నన్ను మాటలతోనే చంపేస్తుంది కదా, ఎర్లీనక్కా?"

"అది ఓర్చుకోవడం కూడా నేర్చుకోవాలి మరి. బండి పోనీ, ఇంకోసారి."

డొరేథా గేరు మార్చింది. ఈసారి బండి కుదుపు లేకుండా కదిలింది.