మెత్తటి టైర్ల కోసం తిరిగిన వేసవి

మొన్న మా అమ్మాయి కారుకి టైర్లు అరిగిపోయాయి. భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని, ఒళ్ళో పిల్లవాణ్ణి ఒక చేత్తో జోకొడుతూ, రెండో చేత్తో ఫోనులో ఏవో నాలుగు టైర్లు ఎంచి డబ్బు కూడా కట్టేసింది. మర్నాడు పొద్దున్నే వ్యానులో ఇద్దరు మనుషులు వచ్చి, వాకిట్లోనే పాతవి విప్పి కొత్తవి బిగించి వెళ్ళిపోయారు. ఇవి మెత్తగా ఉంటాయని నీకెలా తెలిసిందే అని అడిగితే, వాడినవాళ్ళంతా బాగున్నాయని రాశారమ్మా అని నవ్వేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మాట మీద అంత నిశ్చింతగా ఎలా ఉండగలుగుతోందా అని నేను కాసేపు ఆశ్చర్యపోయాను. ఎందుకంటే, నాలుగు టైర్లు ఎంచడానికి నాకు ఒకప్పుడు దాదాపు వేసవి సెలవులన్నీ పట్టాయి.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. మేము ఏలూరులో ఉండేవాళ్ళం. నేను పెదపాడు వైపు ఒక ఊళ్ళో బడిపంతులమ్మని. మా వారు కొల్లేటి ఊళ్ళలో చేపల చెరువులకి మేత, మందులు సరఫరా చేసేవారు. అప్పటిదాకా మోటారు సైకిలు మీదే తిరిగిన మనిషి ఒకనాడు విజయవాడ వెళ్ళి, ఎవరో కుర్రవాడు ముచ్చటపడి కొనుక్కుని రెండేళ్ళకే అమ్మేస్తున్న ఎర్ర కారు ఒకటి తోలుకొచ్చారు. చూడ్డానికి మామూలు కార్లలాగే నాలుగు తలుపులూ వెనక డిక్కీ ఉన్నదే గాని, నేలకి బాగా దిగి, నిలబడి ఉన్నా పరుగెత్తబోతున్నట్టు ఉండేది. ఆ కుర్రవాడు కంపెనీవాళ్ళిచ్చిన చక్రాలు తీసేసి, పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించి, వాటి చుట్టూ పలచటి టైర్లు తొడిగించాడు. చక్రమంతా లోహమే, రబ్బరు పేరుకి మాత్రమే. టైరు పక్కన నా చెయ్యి అడ్డంగా ఆనిస్తే నాలుగు వేళ్ళతోనే నిండిపోయేది.

మా వారికి ఆ బండంటే ప్రాణం. మలుపులో గీత గీసినట్టు తిరుగుతుందనీ, రోడ్డు మీద గులకరాయి కూడా స్టీరింగులోంచి అరచేతికి తెలిసిపోతుందనీ చెప్పి మురిసిపోయేవారు. ఆ గులకరాయి పక్క సీటులో కూర్చున్న నా నడుముకి కూడా తెలుస్తోందని ఎప్పుడూ అనలేదు. ఆ మురిపెం చూస్తే అనాలనిపించేది కాదు. అప్పటి కొల్లేటి రోడ్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మేత బస్తాల లారీలు, చేపల లారీలు, తడి, బురద, ప్రతి కల్వర్టు దగ్గరా రోడ్డూ వంతెనా కలిసే చోట ఒక మెట్టు. ఆ దారులన్నీ ఆ పలచటి టైర్ల మీదే తిరిగారాయన.

మూడో ఏడు గడిచేసరికి నడుం పట్టేసింది. మొదట్లో నూనెలూ కాపడాలూ అయ్యాయి, తరువాత ఎడమకాలు మొద్దుబారింది, చివరికి వెన్నుపూసల మధ్య డిస్కుకి ఆపరేషను చేయాల్సి వచ్చింది. ఆపరేషను బాగానే జరిగింది. కాని ఇంటికొచ్చిన మనిషి మునుపటి మనిషి కాదు. చెక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఫాను వైపు చూస్తూ ఉండేవారు. నిద్ర పట్టేది కాదు. నొప్పి ఉందా అని అడిగితే లేదనేవారు.

కొన్నాళ్ళకి డాక్టరు గారు చూడాలన్నారని, మా మరిది కారు నడపగా ఆసుపత్రికి బయలుదేరాం. ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. అయినా ప్రతి గతుకు దగ్గరా ఆయన తలుపు మీది పిడిని పట్టుకుని పళ్ళు బిగబట్టడం వెనక సీటులోంచి చూస్తూనే ఉన్నాను. ఇంటికి తిరిగొచ్చాక మంచం మీద వాలి, గోడ వైపు తిరిగి అన్నారు.

"కారు అమ్మేద్దాం. వ్యాపారం కూడా తమ్ముణ్ణే చూసుకోమందాం. ఇంక నావల్ల కాదు."

నలభై ఏళ్ళు కూడా నిండని మనిషి అన్న మాట అది. కారు పోతే పోయింది, కాని ఆ మాటలో కారుతోపాటు ఇంకా చాలా పోతున్నట్టు అనిపించింది. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి, ఆ ఎర్ర బండి వైపు మొదటిసారి పరీక్షగా చూశాను. టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి, ఎలాగూ మార్చాల్సిందే. అయితే మళ్ళీ అవే ఎందుకు వెయ్యాలి? కుదుపు ఎక్కడి నుంచి వస్తోంది, టైరులోంచా, చక్రంలోంచా, లోపలి స్ప్రింగుల్లోంచా? ఎవరినైనా అడగాలనిపించింది. అలా మొదలైంది.

వేసవి సెలవులు కావడంతో పొద్దున్న మా మరిది దగ్గర కారు నడపడం నేర్చుకుంటూ, సాయంత్రం టైర్ల షాపుల చుట్టూ తిరిగాను. కొందరు నా మాట వినకుండా మా మరిదితోనే మాట్లాడారు. ఒకాయన, ఎక్కువ కిలోమీటర్లు వచ్చేవి వేసుకోండమ్మా, మెత్తనా గట్టినా అని ఎవరూ చూడరు, అన్నాడు. చివరికి పవర్‌పేట వైపు ఒక చిన్న షాపులో, తండ్రి పెట్టిన దుకాణాన్ని నడుపుతున్న ఒక ముస్లిం ఆయన దొరికారు. ఊళ్ళో అందరూ భాయిగారనే పిలిచేవారు. నేను చెప్పింది ఓపికగా విని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"ఏవండీ, అందరూ ఇంకా వెడల్పువి, ఇంకా పలచనివి కావాలని వస్తారండి. మెత్తగా ఉండాలని వచ్చింది మీరే. ఈ బండికి అలా వేస్తే ఎలా ఉంటుందో నేనూ చూడలేదు మరి. చూద్దామండి."

తెలియదని చెప్పిన ఆ మాటకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. టైరు పక్కన ఉండే అంకెలు ఎలా చదవాలో ఆయనే చెప్పారు. మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత వంతో చెప్పేది, చివరిది లోపలి చక్రం కొలత. చక్రం చిన్నదైతే టైరు ఎత్తు పెంచుకోవచ్చు, మొత్తం గుండ్రం అంతే ఉంటుంది, కాని రోడ్డుకీ ఇనుముకీ మధ్య గాలీ రబ్బరూ ఎక్కువవుతాయి. గాలి కొంచెం తగ్గిస్తే పాతవాటితోనే సరిపోదా అని అడిగితే, పలచటి టైరులో గాలి తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు చక్రం అంచు టైరుని కోసేస్తుందమ్మా, ఆ పని చేయకండి, అన్నారు.

ఇక అప్పటి నుంచి నాకు అదే లోకమైపోయింది. బజారుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఆగి ఉన్న ప్రతి కారు పక్కనా వంగి ఆ అంకెలు చదివేదాన్ని. ఒక కల్యాణ మండపం బయట కాపలా మనిషి ఏదైనా పడిపోయిందా అమ్మా అని నాతోపాటు కిందికి వెతకడం కూడా జరిగింది. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఉన్న మా మరిది స్నేహితుడికి సరిగ్గా అదే కారు, కంపెనీ ఇచ్చిన చిన్న చక్రాలతోనే ఉందని తెలిసి, ఒక ఆదివారం అక్కడికీ వెళ్ళాం. మర్యాదలన్నీ అయ్యాక, మీ కారులో కాస్త తిప్పుతారా అని అడిగాను. ధాన్యం లారీలు తొక్కితొక్కి గుల్లచేసిన మిల్లుల రోడ్డు మీదే పోనివ్వమన్నాను. ముందు సీటులో నడుం వెనక దిండు పెట్టుకోకుండా కూర్చుని, మా వారు పట్టుకునే పిడిని నేనూ పట్టుకుని, ఒక్కో గతుకు ఎక్కడ తగులుతోందో చూసుకుంటూ కదలకుండా ఉండిపోయాను. వెనక కూర్చున్న ఆ ఇంటావిడ పాపం కంగారుపడి, "ఏవండీ, ఒంట్లో బాగాలేదాండీ?" అని అడిగింది. సంగతి చెబితే ఆవిడ కూడా ముందు సీటుకి మారి, మరోసారి తిప్పమంది. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. గుంట తెలుస్తోంది గాని గుచ్చుకోవడం లేదు.

తిరిగొచ్చి భాయిగారికి చెప్పాను. ఆయన ఆ కొలతకి మామూలు చక్రాలు నాలుగు సంపాదించారు. టైర్లలో మాత్రం రెండు రకాలు ముందు పెట్టారు. ఒకటి గట్టి రబ్బరు, ఎన్నేళ్ళైనా అరగదు. రెండోది మెత్తనిది, చప్పుడు తక్కువ, తొందరగా అరుగుతుంది, మలుపుల్లో బండి కొంచెం బద్ధకంగా తిరుగుతుంది. మా మరిది మొదటిదే అన్నాడు. నేను రెండోది తీసుకున్నాను. బిగించాక చెయ్యి అడ్డంగా పెట్టి చూస్తే, ఈసారి బొటనవేలు కూడా పట్టింది.

మా వారిని అడగకుండానే చేశాను. అడిగితే వద్దంటారని తెలుసు. కారు వాకిట్లో ఆగిన చప్పుడు విని, నడుముకి బెల్టుతో, గోడ పట్టుకుని బయటికొచ్చారు. పెద్ద చక్రాలున్న చోట బొద్దుగా ఉన్న టైర్లు చూశారు.

"ఇది నా కారు కాదు."

ఆ ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసం చేశాననుకున్నదాన్ని, ఆయనకి మిగిలిన ఒక్క ముచ్చటా నా చేత్తో తీసేశానేమో అనిపించింది. తరువాత చాలా రోజులు ఆ కారు సంగతి ఇద్దరం ఎత్తలేదు. పాత చక్రాలు గుడ్డ కప్పుకుని మేత బస్తాల గోదాములో ఒక మూల ఉండిపోయాయి.

ఒకరోజు పొద్దున్న, మబ్బు పట్టి గాలి లేకుండా ఉన్నప్పుడు, కొల్లేటి ఊరి నుంచి ఫోను వచ్చింది. మా వారి దగ్గర మొదటి నుంచీ మేత కొనే రైతు. చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అలా చేస్తాయి, ఆలస్యమైతే చేపలన్నీ చచ్చి చెరువు మీద తెల్లగా తేలిపోతాయి. మా మరిది ఆ రోజు ఊళ్ళో లేడు. మా వారు ఫోనులోనే ఇంజను పెట్టి కొత్తనీళ్ళు తోడమన్నారు, సున్నం ఎంత చల్లాలో చెప్పారు, అవతల ఆ మనిషి కంగారులో సరిగ్గా వినకపోతే మళ్ళీ చెప్పారు. ఫోను పెట్టేసి మంచం అంచున కూర్చుండిపోయారు. నేను తాళాలు తీసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"నేను నడుపుతానండి. మీరు పక్కన కూర్చోండి చాలు."

"నీకు ఆ గట్టు మీద తోలడం వచ్చా?"

"రాదు. మీరు చెప్పండి."

బయలుదేరాం. ఊరు దాటేసరికి ఆయన చెయ్యి యథాప్రకారం పిడి మీదకి వెళ్ళింది. ఆ దారిలో గుంటలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. వస్తోంది వస్తోంది, కుడివైపు పో, అంటూ ముందే ఒళ్ళు బిగించేవారు. మొదటి కల్వర్టు మెట్టు వచ్చింది. నేను వేగం తగ్గించినా కారు ఎక్కి దిగింది. దుప్పటి చాటు నుంచి ఎవరో మెల్లగా తట్టినట్టు ఒక చిన్న చప్పుడు, అంతే. ఆయన నా వైపు చూశారు. రెండో కల్వర్టు దగ్గర కూడా పిడి పట్టుకునే ఉన్నారు. చెరువుల మధ్య గట్టు మీదకి వచ్చేసరికి ఆ చెయ్యి ఒళ్ళోకి వచ్చింది.

మేం వెళ్ళేసరికి ఇంజన్లు ఆడుతున్నాయి, నీళ్ళు ఎగిరి పడుతున్నాయి. ఆయన గట్టు మీద వేయించిన కుర్చీలో కూర్చుని, ఎక్కడ సున్నం చల్లాలో, ఏ మూల ఇంకో ఇంజను పెట్టాలో చెబుతూంటే, ఆ గొంతు విని నాకు ప్రాణం లేచివచ్చింది. కొన్ని చేపలు పోయాయి. కాని ఎండ వచ్చేసరికి మిగిలినవి అడుక్కి దిగిపోయాయి. ఆ రైతు మాకు కొబ్బరిబొండాలు కొట్టించి, కారు వైపు చూసి, "చక్రాలు మార్చేశారేంటండీ?" అని అడిగాడు. మా వారు నీళ్ళు తాగుతూ, "నడుం మార్చుకోలేం కదండీ," అన్నారు. చాలా నెలల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి వేళాకోళం అది.

తిరుగు ప్రయాణంలో, చెరువుల గట్లు ఇంకా దాటకముందే, నాకు దారి చెబుతున్న గొంతు మధ్యలో ఆగిపోయింది. తిరిగి చూస్తే తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. మామూలు కునుకు కాదు, నోరు కొంచెం తెరిచి, చేతులు వదిలేసి, పసిపిల్లలు పోయే నిద్ర. ఆపరేషను అయ్యాక అలా నిద్రపోవడం నేను చూడలేదు. ఏలూరు వచ్చింది. మా వీధి మలుపు కూడా వచ్చింది. బండి ఆపితే లేచిపోతారని తోచి తిరగలేదు. తిన్నగా హైవే ఎక్కి తూర్పుకి పోనిచ్చాను. భీమడోలు దాటాను. గేరు మార్చడం సరిగ్గా రాని నేను, లారీల మధ్య భయపడుతూనే, క్లచ్ ఎంత మెల్లగా వదలాలో ఆ ఒక్కరోజులో నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెం దగ్గర పడుతూండగా పెట్రోలు లైటు వెలిగి, బంకులోకి తిప్పక తప్పలేదు. ఆగగానే కళ్ళు తెరిచారు.

"ఇల్లు రాలేదా?"

"ఇంకా లేదండి."

చుట్టూ చూసి, ఎక్కడున్నామో పోల్చుకుని, ఒక్క నిమిషం నా మొహం చూసి నవ్వారు. తరువాత, "మలుపుల్లో ఒళ్ళు బరువుగా తిరుగుతోంది కదూ ఇది?" అని అడిగారు. కాస్త తిరుగుతోందని ఒప్పుకున్నాను. "పోనీలే. నేనూ అంతేగా ఇప్పుడు," అని, ఆకలేస్తోందన్నారు. ఆ ఊళ్ళోనే టిఫిను తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. కారు అమ్మే మాట మళ్ళీ రాలేదు. మరో ఏడాదికి ఆయనే నడపడం మొదలుపెట్టారు. ఆ మెత్తటి టైర్లు భాయిగారు చెప్పినట్టే తొందరగా అరిగిపోయాయి, మళ్ళీ అవే వేయించుకున్నారు. గోదాములోని పెద్ద చక్రాలు మాత్రం చాలాకాలం అమ్మలేదు. అప్పుడప్పుడు గుడ్డ తీసి తుడుస్తూ ఉండేవారు. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఇప్పుడు మా ఇద్దరికీ వయసు మీద పడింది. కొల్లేరు వైపు ఎప్పుడైనా వెళ్తే రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటోంది. అద్దాలు ఎత్తి ఏసీ వేసుకుంటే నీటి వాసన కూడా లోపలికి రాదు. ఏ కారు ఎక్కినా మెత్తగానే పోతోంది, ఎవరి నడుముకి ఏ టైరు సరిపోతుందో వెతకాల్సిన పని ఎవరికీ పడడం లేదు. మంచిదే, ఎవరికీ ఆ నొప్పి రాకూడదు. కాని ఒకప్పుడు ఆ దారిలో ఏ కల్వర్టు తరువాత ఏ గుంట వస్తుందో మా ఇద్దరికీ తెలుసు, ఎక్కడ ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవాలో కూడా తెలుసు. మొన్న ఆ దారినే వెళ్ళి వస్తూ, అప్పటి ఆ మొదటి మెట్టు ఎక్కడుండేదా అని ఇద్దరం చెరొక వైపు చూస్తూ కూర్చున్నాం. ఇక్కడే అని ఆయన, కాదు ఇంకా ముందుకి అని నేను అనుకుంటూ ఉండగానే ఊరు వచ్చేసింది.