అత్తను మెచ్చుకోనివ్వని కోడలు

మొన్న పొద్దున్నే తాండూరు నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "అత్తా, అమ్మ పోయింది. నిద్రల్నే" అన్నాడు. కాసేపు ఆగి, "రాత్రి చారుల ఉప్పెక్కువైందని అందర్నీ మస్తు తిట్టింది" అని కూడా చెప్పాడు. ఆ రెండో మాట విన్నాక నా గుండె కొంచెం కుదుటపడింది. తిట్టి పడుకుందంటే మా వదిన సుఖంగానే పోయిందన్నమాట. తమాషాకు అనడం లేదు. మా ఇంట్లో ఆరోగ్యాన్ని కొలిచే పద్ధతే అది. కనిపెట్టింది కూడా ఆమే.

పోలీసు చర్య జరిగిన ఏడాది మా అమ్మకు షక్కర్ బీమారి పట్టింది. నలభై నిండని మనిషి చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ, చూస్తుండగానే కట్టెపుల్లలా ఎండిపోయింది. ఇప్పుడు దీన్ని టైప్ వన్ అంటున్నారు. అప్పటి డాక్టరు గారు ఏ పేరూ పెట్టకుండా, అందరిలో తయారయ్యే ఇన్సులిన్ అనే రసం ఈమె ఒంట్లో తయారు కావడం లేదనీ, దాన్ని రోజూ రెండు పూటలా సూదితో ఎక్కించాలనీ, మానేస్తే మనిషి దక్కదనీ చెప్పారు.

రోజూ పొడిచేదెవరు? నాయన కిటికీలోంచి చేను దిక్కు చూశాడు. అన్న సూదిని చూసి గోడకు ఒరిగాడు. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. వికారాబాద్ నుంచి కాపురానికొచ్చి ఏడాదైనా కాని కొత్త కోడలు తల మీది కొంగు సర్దుకుని, "నేను పొడుస్త" అంది.

అత్తను రోజూ పొడిచే అధికారం ఏ కోడలికి దొరుకుతుంది చెప్పండి! అదీ డాక్టరు నేర్పగా, మామ బతిమాలగా! "నీ అంత అదృష్టం నాకు లేకపాయె చెల్లె" అని పక్కింటామె మనసారా నిట్టూర్చింది.

మొదటి రోజు అమ్మ, "మెల్లగ పొడువే, నేనేమన్న జొన్నల బస్తనా?" అని కసిరింది.

"బస్తయితే నోర్మూసుకొని ఉంటుండె గద అత్తమ్మా. జర కదలకుండ్రి" అంది వదిన.

వాళ్లిద్దరి సంసారం అక్కడ మొదలైంది. అన్నతో చేసింది తర్వాతి లెక్క.

ఫ్రిజ్‌లు లేని కాలం. నేను హైదరాబాదులో మందు సీసాలు కొని, ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని రైల్లో తెచ్చేదాన్ని. "జర చాయ్ పొయ్యమ్మా" అని పక్కవాళ్లు అడిగేవారు. ఇంటికి చేరాక వదిన ఆ సీసాలను చిన్న కుండలో తడి ఇసుక మధ్య పెట్టి, వంటింటి మూల చల్లటి బండల మీద ఉంచేది. ఆ మూలకు పిల్లి వెళ్లినా చీపురు దెబ్బ తినేది.

అన్నిటికన్నా ముందు పరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో అమ్మ మూత్రం నాలుగు చుక్కలు వేసి, దీపం మీద కాచాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగుకొస్తే ఇంట్లో గొడవే. "ఎవలిచ్చిండ్రు అత్తమ్మకు తీపి?" అని వదిన నాయనను కూడా నిలదీసేది. మా ఊళ్లో అందరినీ గదమాయించే నాయన, ఆ గాజు గొట్టం ఎర్రబడిన రోజు పెరటి దారిన బయటికి పోయేవాడు.

చక్కెర పెరిగితే గొట్టం చెబుతుంది. ఒక్కసారిగా పడిపోతే ఎవరు చెప్పాలి? అమ్మే చెబుతుందని వదిన పట్టుకుంది. మా అమ్మ మామూలుగా ఉన్నప్పుడు రొట్టె మందమైందని, చల్ల పలచనైందని, కోడలు నడిస్తే చప్పుడైతుందని, నడవకుంటే ఎక్కడ చచ్చిందని తిడుతూ ఉండేది. అలాంటిది ఓ మధ్యాహ్నం, "ఎంత చక్కగున్నవే బిడ్డా" అంది. వదిన మురిసిపోయి దగ్గరికి వెళ్తే అమ్మ ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. బెల్లం ముక్క నోట్లో పెట్టింది. కాసేపటికి అమ్మ తేరుకుని, "గీ రాయెందుకు పెట్టినవే, పండ్లూడగొడ్తవా?" అంది. బతికాం అనుకుంది వదిన.

ఇంకోసారీ అంతే. అప్పటి నుంచి ఆమె కొంగు చివర బెల్లం ముడి ఉండేది. ఆమె వెంట చీమలుండేవి. వాకిట్లోంచే, "తిడుతున్నదా?" అని అడిగేది. తిడుతుందంటే నిదానంగా కాళ్లు కడుక్కునేది. మెచ్చుకుంటుందంటే మాత్రం పరుగే.

బోనాల నాటి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పొద్దున సూది వేయించుకున్న అమ్మ, పోచమ్మకు బోనం ఎక్కేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మొండికేసింది. "సూది పొడిచినంక రొట్టె ఆగొద్దత్తమ్మా" అని వదిన మొత్తుకున్నా వినలేదు. డప్పులు మోగాయి. వదిన కొత్త చీర కట్టి, తల మీద బోనం ఎత్తుకుని ముందు నడిచింది. ఆ తొందరలో కొత్త కొంగుకు బెల్లం ముడి లేదు.

గుడి ముందు అమ్మ ఆగిపోయింది. ఒళ్లు వణుకుతోంది, జుట్టు తడిసింది, చూపు ఎటో ఉంది. "నా కోడలు బంగారం, దాని చెయ్యి సల్లగుండ" అని గొంతెత్తింది. ఇంకేం! "అమ్మవారొచ్చింది!" అన్నారు ఆడవాళ్లు. పసుపునీళ్లు పోశారు. వేపాకులు పట్టారు. ఒకామె కాళ్ల మీద పడి తన గొడ్డు చూలు కడుతుందా అని అడిగింది. డప్పులవాళ్లు మరింత జోరుగా వాయించారు.

వదినకు ఒక్క మాటే వినబడింది: బంగారం. అత్త అన్నది! బోనం దించి నేల మీద పెట్టింది. మూత తీసింది. అందులో పాలు, బెల్లం వేసి వండిన అన్నం. ముద్ద తీసింది.

"అయ్యయ్యో, తల్లికి ఎక్కించని బోనం మనిషికి పెడ్తవా?" అని ఒక పెద్దావిడ వదిన చెయ్యి పట్టుకుంది.

వదిన ఆ చెయ్యి విదిలించుకుని, "తల్లే వచ్చిందని మీరే అంటిరి గద! తల్లికే పెడుతున్న, జరుగుండ్రి!" అంది.

పెద్దావిడే అమ్మ తల పట్టుకుంది. వదిన కొంచెం కొంచెంగా మింగించింది. డప్పులు ఆగాయి. పండుగకు ఊరొచ్చిన నేను అమ్మ ముఖమే చూస్తున్నాను. చాలాసేపటికి ఆ ముఖంలోకి మనిషి తిరిగి వచ్చింది. నోట్లో ముద్ద నమిలి, "మాడవెట్టినవేందే అన్నం? దేవునికి గిట్లనే వండుతరా?" అంది.

"మాడిందత్తమ్మా, మాడింది!" అంటూ వదిన పసుపునీళ్ల బురదలో కూలబడి పకపకా నవ్వింది. గొడ్డు సంగతి అడిగినామెకు జవాబు దొరకలేదు. అది మాత్రం తర్వాత చక్కగా ఈనింది. ఆ లెక్క కూడా మా అమ్మ ఖాతాలోనే పడింది.

ఈ కాపలాకు మా వదిన చెల్లించింది ఒకటుంది. ఏ కోడలైనా అత్త నోట ఒక మంచి మాట కోసం ఎదురుచూస్తుంది. ఈమెకు ఆ మాట వస్తే భయం. ఎన్నేళ్లు గడిచినా, అమ్మ నిజంగా ఏమనుకుంటుందో ఆమెకు తెలిసే దారి లేదు. ఎవరి మెచ్చుకోలూ నమ్మని అలవాటు చివరిదాకా ఉండిపోయింది. మొన్న మొన్నటి వరకు, తొక్కు పచ్చడి బాగుంది వదినా అంటే, "చెమట గిట్ట పట్టిందా నీకు?" అని నా నుదురు తడిమేది.

అరవైల దశకంలో ఒక ఉగాది. నేను అప్పటికి వికారాబాద్‌లో పంతులమ్మను, పండుగకు వచ్చాను. మధ్యాహ్నం బెల్లం పూర్ణం భక్షాలతో భోజనాలయ్యాక అమ్మ మంచం మీద కూర్చుని, వదినను పిలిచి, "నువ్వు లేకుంటే నేనెప్పుడో మన్నుల కలుద్దును. కడుపుల పుట్టినోళ్లు గూడ గింత చెయ్యలే" అంది. కడుపున పుట్టినదాన్ని నేను అక్కడే కూర్చుని ఉన్నాను, దాని గురించి ఆమెకేం మొహమాటం లేదు.

వదిన చెయ్యి అప్పటికే కొంగు ముడి విప్పింది. అమ్మ నోరు బిగించి తల పక్కకు తిప్పుకుంది.

"తియ్యే గా బెల్లం! సోయి ఉండే, తెలివితోనే అంటున్న."

"అందరు గట్లనే అంటరు. నోరు తెరువుండ్రి."

"నమ్మకపోతె నీ నీలం మందు కాచుకొని చూస్కో పో!"

వదిన లేచి వంటింట్లోకి పోయింది. నీలంగానే ఉంటే చక్కెర పడిపోయి అన్న మాటే కావచ్చు, అది చెల్లదు. దీపం మీద గొట్టం పట్టుకుంది. నీలం ఆకుపచ్చకు తిరిగింది, ఆకుపచ్చ పసుపైంది, పసుపు చూస్తుండగానే ఇటుక రంగుకొచ్చింది.

"అత్తమ్మా! ఎన్ని భక్షాలు తిన్నరు?"

"లెక్కవెట్టలే" అని లోపల్నుంచి వినబడింది.

గొడవ జరుగుతుందని నాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. వదిన మాత్రం కదల్లేదు. గడపలో నిలబడి, ఆ గాజు గొట్టాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూస్తోంది. ఎర్రటి వెలుగు ఆమె చెంప మీద ఆడుతోంది. జారిపడిన బెల్లం చుట్టూ చీమలు చేరాయి. ఆమె వాటినీ చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. ఆ ఎరుపునే అటు తిప్పి, ఇటు తిప్పి, నవ్వుకుంటూ చూస్తోంది.