హార్లన్ కళ్ళ మసక

హార్లన్ జీవితమంతా లారీలు తోలి, రిటైరయ్యాక ఇల్లమ్మేసి పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. పొయ్యి, మంచం, స్నానాలగది అన్నీ ఆ బండిలోనే. చలికాలమంతా అతనూ భార్య వెల్డా డెమింగ్ ఊరి బయట, తమలాంటి వాళ్ళ బండ్ల మధ్య ఉండేవాళ్ళు. కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత ఒక ఏడు, పొద్దు వాలితే రోడ్డు సరిగా కనబడటం లేదన్నాడు హార్లన్. వాళ్ళ నాన్న చివరికి చూపుపోయి మంచాన పడ్డాడు. డాక్టరుకి చూపించుకోమని వెల్డా ఎంత పోరినా కదల్లేదు. తెలిసి మాత్రం చేసేదేముంది అన్నాడు. ఒక సాయంత్రం బండి రోడ్డంచు దిగబోయేసరికి ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఇక చాలు హార్లన్. నీ కళ్ళు పోయాయి. తాళాలు ఇటివ్వు."

తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆపైన పగలు కూడా స్టీరింగు ముట్టలేదు. పక్క సీట్లో మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. వెల్డా చీకటి పడకముందే ఎక్కడో ఒకచోట బండి ఆపేసేది. రెండేళ్ళు అలాగే గడిచాక ఒక ఉదయం అతని గుండె ఆగిపోయింది.

ఆ నవంబరులో, లార్డ్స్‌బర్గ్‌లో ఒంటరిగా ఉండే ఆడపడుచు ఆర్డిత్ పడి తుంటి విరగ్గొట్టుకుందనీ, రెండ్రోజుల్లో ఆసుపత్రి నుంచి ఇంటికొస్తుందనీ ఫోనొచ్చింది. వెల్డా బయల్దేరేసరికే పొద్దుపోయింది. డెమింగ్ దాటి కాస్త దూరం వెళ్ళిందో లేదో, రోడ్డు మధ్య నల్లావు. మీదికొచ్చేదాకా కనబడలేదు. బ్రేకు తొక్కితే వెనక గిన్నెలన్నీ దొర్లిపడ్డాయి. వెనక్కి తిరిగొచ్చి, తనకీ చూపు పోతోందని పక్క బండి ఓరిన్‌తో చెప్పుకుంది. అతను ఒకప్పుడు స్కూలు బస్సు నడిపినవాడు.

"ఒకే బండిలో రెండు జతల కళ్ళు పోతాయా వెల్డా? ముందు ఆ బండి దీపాలు చూద్దాం పద."

దీపాలమీద పసుపుబారిన అద్దాలు రుద్ది మెరుగుపెట్టారు. కొత్త బల్బులు వేశారు. అయినా వెలుగు అంతంతమాత్రమే. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర ఉన్న కరెంటు దీపాల దాకా రావడం లేదు. పాత సన్నతీగలూ అరిగిన స్విచ్చూ దారిలోనే తినేస్తున్నాయి. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి తీగ లాగి, మధ్యలో ఫ్యూజులూ, రిలేలనే చిన్న స్విచ్చులూ పెట్టాలన్నాడు ఓరిన్. అతని చేతులు వణుకుతాయి. అందుకని వెల్డాయే బండి కిందికి దూరి, వేళ్ళ కణుపులు గీరుకుపోతున్నా పని పూర్తిచేసింది.

మునిమాపువేళ స్విచ్చి వేసింది. తెల్లటి వెలుగు కంచెదాకా పరుచుకుంది. ఇసుకలో ఒక్కొక్క తుప్పా విడివిడిగా కనబడింది. ఓరిన్ సంతోషంగా ఇటు తిరిగేసరికి ఆమె బండి మెట్టుమీద కూలబడి ఉంది.

"హార్లన్ కళ్ళకేం కాలేదు ఓరిన్. నేనే తాళాలు లాక్కున్నాను."

"ఆ పాత మసక వెలుగులో నేనైనా లాక్కునేవాణ్ణి," అని ఓరిన్ పనిముట్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఆర్డిత్ ఇంటికి చేరగానే వెల్డా జరిగింది జరిగినట్టు చెప్పింది. నాన్నకి పోయిన చూపు తమ్ముడికీ పోయిందని నమ్మి, ఇక తన వంతేనని ఇన్నాళ్ళూ భయంతో బతికిన మనిషి ఆర్డిత్.

"వాడికి తెలుసా?" అంది ఆర్డిత్.

"తెలీదు. తెలియకుండానే పోయాడు."

ఆర్డిత్ గోడవైపు తిరిగి ఏడ్చింది. వెల్డా ఆపమనలేదు. వంటగదిలోకెళ్ళి చిక్కుడుగింజల సూపు వెచ్చబెట్టి తెచ్చింది. చాలాసేపటికి ఆర్డిత్ తనని లేపి కూర్చోబెట్టమని చెయ్యి చాపింది.